లెఫ్ట్ అవుట్ రత్నం, ఆమె పక్కన రోస్లిన్

సునామీ వచ్చిన మరుసటి ఏడాది, 2005. పోర్ట్ బ్లెయిర్‌లో విమానాశ్రయం గోడని ఆనుకుని ఉండే లంబాలైన్‌లో ఒక ప్రభుత్వ పాఠశాలకి నేను పి.ఇ.టి.ని, అంటే ఆటల టీచర్ని. అప్పటికి ఉద్యోగంలో చేరి పన్నెండేళ్ళు దాటింది. మా మైదానంలో కొన్ని నెలలపాటు సునామీకి ఇళ్ళు పోయి దక్షిణ దీవుల నుంచి వచ్చినవాళ్ళ గుడారాలు ఉండేవి. అవి ఎత్తేశాక నేలంతా మేకులు దిగిన గుంతలు మిగిలాయి. హాకీ జట్టు ఆడపిల్లలు వారం రోజులు బకెట్లతో మట్టి మోసి వాటిని పూడ్చారు. ఆ తరవాతే కర్రలు పట్టుకున్నాం.

ద్వీపాల్లో హాకీ ఏమిటని మెయిన్‌లాండ్ బంధువులు అడుగుతుంటారు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కర్రల మిల్లులో పనికి వచ్చినట్టే, రాంచీ వైపు నుంచి చాలా కుటుంబాలు అడవి పనులకి వచ్చి ఇక్కడే ఉండిపోయాయి. వాళ్ళు తమతోపాటు హాకీని తెచ్చుకున్నారు. వెదురు కర్రతో మొదలుపెట్టిన పిల్లలు కూడా నా దగ్గరికి వచ్చేసరికి బంతిని కాలికి కట్టుకున్నట్టు నడిపేవాళ్ళు. నేను నేర్పింది కొంతే, వాళ్ళ నుంచి నేర్చుకున్నది ఎక్కువ.

నూకరత్నం అలాంటి పిల్ల కాదు. ఆ దక్షిణ దీవుల్లోని హట్ బేలో, చేపలుపట్టే తెలుగువాళ్ళ పేటలో పుట్టింది. ఎనిమిదో తరగతి మధ్యలో మా బడిలో చేరింది. సునామీలో వాళ్ళమ్మ పోయింది. పడవ కూడా పోవడంతో తండ్రి అక్కడే రేకుల షెడ్డులో ఉండి కూలి పనికి వెళుతున్నాడు. రత్నాన్నీ, ముసలి నానమ్మనీ ఇక్కడ మా ఊళ్ళోనే షాదీపూర్‌లో ఉన్న పెదనాన్న ఇంటికి పంపించాడు. ఈ సంగతులన్నీ క్లాస్ టీచర్ చెప్పింది. పిల్ల మాత్రం ఏమీ చెప్పలేదు.

ఒక సాయంత్రం ప్రాక్టీసు చూస్తూ గట్టు మీద నిలబడి ఉంది. బంతి అటు దొర్లితే తెచ్చిచ్చింది. అది తేవడానికి పరిగెత్తిన తీరు చూసి నా చేతిలో విజిల్ అలాగే ఉండిపోయింది. ఇసుకలో పరిగెత్తి పెరిగిన కాళ్ళు అవి. గట్టి నేల మీద ఆ పిల్ల అడుగు ఆనుతున్నట్టే లేదు.

"హాకీ ఆడతావా?" అన్నాను.

"ఆడితే ఎక్కడికైనా పంపించేత్తారా, మేడమ్?" అంది.

నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఊళ్ళు తిరగాలని ఆశపడుతోందనుకున్నాను. "బాగా ఆడితే మెయిన్‌లాండ్ కూడా పంపిస్తారు" అన్నాను. ఆ పిల్ల ముఖం ఎందుకు చిన్నబోయిందో నాకు చాలా రోజుల తరవాత తెలిసింది.

మేం అప్పటికి ఇంకా పాత పద్ధతిలోనే ఆడేవాళ్ళం. ముందు వరుసలో ఐదుగురు ఫార్వర్డ్స్. ఎడమ అంచున లెఫ్ట్ అవుట్, దాని పక్కన లెఫ్ట్ ఇన్, మధ్యలో సెంటర్ ఫార్వర్డ్, ఆ తరవాత రైట్ ఇన్, కుడి అంచున రైట్ అవుట్. ఈ ఐదుగురినీ ఎలా కలిపి నిలబెట్టాలన్నదే కోచ్ పనిలో సగం. హాకీ కర్రకి ఒక వైపే చదునుగా ఉంటుంది. అందువల్ల కుడి నుంచి ఎడమకి కొట్టడం తేలిక, ఎడమ నుంచి కుడికి కష్టం. అందుకని ఎక్కడైనా వేగం ఉన్న కొత్తపిల్లని ముందు రైట్ అవుట్‌లోనే నిలబెడతారు. అంచు వెంట పరిగెత్తి బంతిని లోపలికి కొడితే చాలు. నేనూ అదే చేశాను.

నెల తిరిగేసరికి జట్టంతా రత్నం మీద విసుక్కోవడం మొదలుపెట్టింది. బంతి దొరికితే గాలిలా వెళ్ళిపోయేది. కానీ లోపలి నుంచి ఎవరు పిలిచినా ఇచ్చేది కాదు. రైట్ ఇన్‌లో ఆడే షబానా ఒకరోజు కర్ర కింద పడేసింది.

"మేడమ్, గొంతు పోయేలా అరుస్తున్నా. యే సున్‌తీ హీ నహీ, అస్సలు వినదు! పొగరు దీనికి."

నాకూ అలాగే అనిపించింది. తిట్టాను. మైదానం చుట్టూ పరిగెత్తించాను. ఆ పిల్ల కారణం అడగలేదు, ఎదురు చెప్పలేదు. చోటు మార్చి చూశాను. రైట్ ఇన్‌లో అదే గొడవ. మధ్యలో నిలబెడితే సగం బాగుండేది, సగం పాడుచేసేది. ఒకరోజు ఒక అమ్మాయి రాకపోతే లెఫ్ట్ హాఫ్‌లో, అంటే ఎడమవైపు రెండో వరుసలో, నిలబెట్టాను. ఆ రోజు అడిగిన ప్రతివాళ్ళకీ బంతి ఇచ్చింది. మర్నాడు మళ్ళీ కుడివైపు పెడితే మళ్ళీ మామూలే. నా నోటుబుక్కులో ఆ పిల్ల పేరు ఎదురుగా "మూడీ" అని రాసుకున్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన తప్పుల్లో అంత పెద్ద తప్పు ఇంకొకటి లేదు.

మా మైదానానికి రన్‌వే ఎంత దగ్గరంటే, విమానం లేచేటప్పుడు పక్కనున్న మనిషి మాట కూడా వినిపించదు. పిల్లలు అలవాటుగా ఆట ఆపి, శబ్దం పోయాక మళ్ళీ మొదలుపెడతారు. ఆ వర్షాకాలం చివర్లో ఒక సాయంత్రం వైమానిక దళం పెద్ద విమానం ఒకటి లేచింది. నేను విజిల్ వేశాను కానీ ఆ హోరులో నాకే వినిపించలేదు. ఆట ఆగలేదు, చెదిరిపోయింది. పిలుపులు లేకపోయేసరికి పిల్లలు ఎటు వెళ్ళాలో తెలియక ఒకరినొకరు చూసుకుంటూ నెమ్మదించారు. రత్నం మాత్రం నెమ్మదించలేదు. అంచున బంతి అందుకుంది. తల తిప్పి ఒక్కసారి మైదానమంతా చూసింది. ఇద్దరి మధ్య నుంచి షబానా కర్రకి సరిగ్గా అందేలా కొట్టింది. షబానా ఉలిక్కిపడి తిరిగి ఇస్తే, ఈసారి సెంటర్ ఫార్వర్డ్‌కి ఇచ్చింది. గోల్ అయింది. విమానం సముద్రం మీదికి వెళ్ళిపోయింది.

అందరికీ చెవులు పనిచేయని ఆ అర నిమిషంలో అందరికన్నా బాగా ఆడింది ఈ పిల్ల. నాకు ఒక అనుమానం వచ్చింది.

ఆట అయ్యాక గట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. నేను వెళ్ళి ఎడమవైపు నిలబడి, మామూలు గొంతుతో, "రత్నం, నీ వెనకాల జెర్రి" అన్నాను. కదల్లేదు. లేసు విప్పుకుంటూనే ఉంది. కుడివైపుకి వెళ్ళి అదే మాట, అంతే గొంతుతో అన్నాను. చటుక్కున లేచి నిలబడింది. వెనక్కి చూసింది. ఏమీ లేదు. నన్ను చూసింది. నాకు తెలిసిపోయిందని అర్థమైంది.

"ఎవురికీ సెప్పకండి, మేడమ్" అంది. మొదటిసారి ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూశాను.

కూర్చోబెట్టి అడిగాను. ఒక్కొక్క ముక్కే చెప్పింది. సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున్న నీళ్ళు లాక్కెళ్ళి దేనికో కొట్టాయి. ఎడమ చెవిలో రక్తం వచ్చింది. పైకి వచ్చేసరికి చుట్టూ అందరూ అరుస్తున్నారట.

"ఎవురేటంతన్నారో ఇనపళ్ళేదు, మేడమ్. నాన్న దూరంగా సెయ్యెత్తి కొండేపు సూపించాడు. అది సూసే పరిగెట్టాను. అమ్మ అరుపులు వచ్చిన ఏపు ఎళ్ళిందంట." వాళ్ళమ్మ గురించి నాతో ఆమె అన్నది ఆ ఒక్క మాటే.

అడవిలో ఎత్తు మీద రోజుల తరబడి ఉన్నారు. చెవి వాచి చీము పట్టింది. ఓడ వచ్చినప్పుడు ముందు జబ్బుగా ఉన్నవాళ్ళని విడిగా ఎక్కించారు. వాళ్ళు ఎక్కడికి వెళుతున్నారో ఎవరికీ తెలియదు. తన చెవి సంగతి తెలిస్తే నానమ్మ నుంచి విడదీసి తీసుకుపోతారని భయపడి, జుట్టు విప్పి చెవి మీదికి వేసుకుంది. అప్పటి నుంచి అలాగే దాచుకుంటూ వచ్చింది. నానమ్మకి ఎలాగూ వినపడదు. ఇద్దరూ గట్టిగా అరిచి మాట్లాడుకుంటుంటే, ముసలావిడ కోసమే అనుకుని పెదనాన్న ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. "ఆడితే ఎక్కడికైనా పంపించేత్తారా" అని నన్నడిగింది ఆశతో కాదు.

"డాక్టరుకి చూపించాలి. నేనూ వస్తాను, మీ నానమ్మా వస్తుంది. నిన్ను ఎక్కడా ఉంచనివ్వను. డాక్టరుకి తప్ప ఇంకెవరికీ చెప్పను" అన్నాను. తల ఊపింది.

ఆస్పత్రిలో చెవుల డాక్టరు పరీక్ష చేసి, ఎడమ చెవికి వినికిడి ఇక తిరిగిరాదని చెప్పారు. నానమ్మకి అది రత్నమే గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. ముసలావిడ పిల్ల తలని ఒళ్ళోకి లాక్కుని, "నాకు రెండూ నేవు, నీకోటుంది కదే! మనిద్దరికీ అదే సాల్లే" అంది. డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయారు. నేను నవ్వలేదు, ఏడవలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

హాకీ ఆడొచ్చా అని డాక్టరుని అడిగాను. "ఆడొచ్చు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. ఒక్క చెవితో శబ్దం వినిపిస్తుంది, అది ఎటు నుంచి వస్తోందో తెలియదు. పదిమంది పిలిస్తే ఆ పిల్లకి అది ఒక్క గోల" అన్నారు.

ఆ మాటతో నా నోటుబుక్కులో చిక్కు విడిపోయింది. రైట్ అవుట్‌లో ఉంటే జట్టంతా ఆమె ఎడమవైపు, అంటే వినపడని వైపు ఉంటుంది. లెఫ్ట్ హాఫ్‌లో బాగా ఆడిన రోజు జట్టంతా కుడివైపు ఉంది. కాబట్టి ఎడమ అంచుకి మార్చాలి. కానీ లెఫ్ట్ అవుట్ అంటే ముందు వరుసలో అన్నిటికన్నా కష్టమైన చోటు. పరుగు మధ్యలో కర్రని బోర్లా తిప్పి, రివర్స్ స్టిక్‌తో, బంతిని ఆపాలి. లోపలికి కొట్టాలంటే ఒళ్ళంతా తిప్పాలి. కొత్తపిల్లకి ఎవరూ ఆ చోటు ఇవ్వరు. ఇచ్చినా, ఎటు నుంచి పిలుపు వస్తోందో తెలియని పిల్లకి పక్కన ఎవరుండాలి?

ఇంట్లో బల్ల మీద చింతపిక్కలు పేర్చి, మార్చి, మళ్ళీ పేర్చాను. పిలవాల్సిన అవసరమే లేని మనిషి కావాలి. ఎప్పుడు చూసినా అదే దూరంలో, అదే చోట ఉండే మనిషి. మా జట్టులో అలాంటిది ఒక్కతే ఉంది. రోస్లిన్. పదకొండో తరగతి. రాంచీ కుటుంబం, తాత కూడా హాకీ ఆడినవాడే. వేగం లేదు కానీ, ఎక్కడ నిలబడాలో ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. చిక్కేమిటంటే, ఆమె మా సెంటర్ ఫార్వర్డ్. గోల్స్ అన్నీ ఆమెవే. మరుసటి ఏడాది బడిలో ఆమెకి చివరి ఏడాది. ద్వీపాల జట్టుకి ఎంపికైతే వచ్చే సర్టిఫికెట్‌తో పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలని ఎదురుచూస్తోంది. ఆమెని లెఫ్ట్ ఇన్‌కి మారిస్తే గోల్స్ ఇంకొకరివి అవుతాయి.

రోస్లిన్‌తో నేను హిందీలోనే మాట్లాడేదాన్ని. కారణం చెప్పకుండా, రత్నానికి నీ అవసరం ఉందని మాత్రం చెప్పాను. ఆమె చాలాసేపు కర్ర కొసతో నేల మీద గీతలు గీసింది.

"గోల్ కొట్టేవాళ్ళని అందరూ చూస్తారు, మేడమ్‌జీ. బాల్ ఇచ్చేవాళ్ళని ఎవరు చూస్తారు?" అంది.

"నేను చూస్తాను" అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో నాకు తెలుసు.

"ఆ పిల్లకి ఒక చెవి వినపడదు కదా?" అంది రోస్లిన్.

నేను తెల్లబోయాను.

"ఎప్పుడో కనిపెట్టాను. వరుసలో నిలబడేటప్పుడు ఎప్పుడూ ఎడమ చివరే నిలబడుతుంది. చెప్పుకోవడం ఇష్టం లేనట్టుందని ఊరుకున్నాను." కర్ర భుజాన వేసుకుంది. "ఠీక్ హై. రేపట్నుంచి లెఫ్ట్ ఇన్."

కోచ్‌ని నేను. నెలల తరబడి నేను చూడనిది పదహారేళ్ళ పిల్ల చూసింది. చూసి, నోరు మూసుకుంది.

ఆ తరవాత ఏడాదిపాటు ఆ ఇద్దరినీ విడదీయలేదు. మొదట్లో రత్నానికి ఒకే పని. బంతి వస్తే ఆపి, నాలుగు అడుగులు వెనక, కుడిపక్కన ఉండే రోస్లిన్‌కి ఇవ్వాలి. రోస్లిన్ అక్కడే ఉంటుంది. వానలోనూ, బురదలోనూ, ఒంట్లో బాగులేని రోజునా ఆ నాలుగు అడుగుల లెక్క తప్పలేదు. పిలిచేది కాదు. రివర్స్ స్టిక్ రత్నానికి పట్టుబడటానికి నెలలు పట్టింది. వేళ్ళ కణుపులు చర్మం లేచి, కట్టి, మళ్ళీ లేచేవి. పక్కనున్న మనిషిని వెతుక్కునే అవసరం లేకపోయేసరికి, ఆ పిల్ల కళ్ళు దూరం చూడటం మొదలుపెట్టాయి. ముందు సెంటర్ ఫార్వర్డ్ ఎక్కడుందో చూసుకునేది. ఆ తరవాత రైట్ ఇన్. చివరికి బంతి తన దగ్గరికి రాకముందే మైదానమంతా రెండుసార్లు చూసి పెట్టుకునేది. ఇది నేను నేర్పలేదు. నేను చేసిందల్లా ఆమె పక్కన ఒక కదలని మనిషిని పెట్టడం.

2006లో జోన్ల మధ్య బడుల పోటీలు ఉత్తరాన మాయాబందర్‌లో జరిగాయి. బస్సులో రోజంతా ప్రయాణం, దారి పొడుగునా వాన. నాలుగు రోజుల ఆట చూసి ద్వీపాల జట్టుకి పదహారు మందిని ఎంపిక చేయడానికి ఒక సెలెక్టర్ వచ్చారు. ఉద్యోగ విరమణ చేసిన పాత ఆటగాడు, హిందీ మనిషి, ముక్కుసూటిగా మాట్లాడేవాడు.

ఫైనల్లో మాయాబందర్ పిల్లల చేతిలో ఓడిపోయాం. కానీ మా ఒక్క గోల్ వచ్చిన తీరు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. జనం కేకలు, రేకుల మీద వాన హోరు. రత్నం ఎడమ అంచున రోస్లిన్ నుంచి బంతి అందుకుంది. ముగ్గురు మీదికి వచ్చారు. అందరూ మళ్ళీ రోస్లిన్‌కే ఇస్తుందనుకున్నారు. ఆ పిల్ల ఒళ్ళు తిప్పి, మైదానం అడ్డంగా, ఎవరూ లేని ఖాళీ చోటికి కొట్టింది. అయ్యో, పోయింది అనుకున్నాను. బంతి అక్కడికి చేరే వేళకి షబానా కూడా చేరింది. ఎక్కడి నుంచి వచ్చిందో నేను చూడనే లేదు. పొగరు అని కర్ర విసిరేసిన షబానాయే, ఆ బంతి వస్తుందన్న నమ్మకంతో ముందే పరుగు తీసింది. గోల్ అయ్యాక ఒక్క క్షణం నేను చప్పట్లు కొట్టడం మర్చిపోయాను. గుడిలో గంట మోగినప్పుడు చేతులు వాటంతట అవే జోడించుకున్నట్టు, నా రెండు చేతులూ కలిసి అలాగే ఉండిపోయాయి.

వాన తెరిపిచ్చాక పేర్లు చదివారు. నూకరత్నం పేరుంది. షబానా పేరుంది. రోస్లిన్ పేరు లేదు. ఆమె కాళ్ళకి కట్టుకున్న ప్యాడ్లు విప్పుకోవడం మొదలుపెట్టింది.

సెలెక్టర్ దగ్గరికి వెళ్ళాను. "ఆ లెఫ్ట్ ఇన్‌ని కూడా చూడండి సార్."

"స్లో హై, మేడమ్. నాలుగు రోజుల్లో ఒక్క గోల్ లేదు. ఆ లెఫ్ట్ అవుట్ పిల్ల మాత్రం హీరా, అసలైన వజ్రం" అన్నారు.

ఆ హీరా వెనక ఎవరున్నారో చెప్పాలంటే రత్నం చెవి సంగతి చెప్పాలి. చెప్పనని మాటిచ్చాను. చెబితే రత్నాన్ని కూడా తీసేస్తారేమో. ఒక పిల్లకి ఇచ్చిన మాట ఇంకో పిల్ల బతుకుకి అడ్డం వస్తోంది. కోచింగ్ పుస్తకాల్లో దీనికి జవాబు లేదు.

రత్నం దూరం నుంచి మా ముఖాలు చూసింది. మాటలు వినిపించే దూరం కాదు. నేరుగా నడిచి వచ్చింది.

"అక్క పేరు నేదా, మేడమ్?"

"లేదు."

ఆ పిల్ల సెలెక్టర్ వైపు తిరిగింది. హిందీలోనే మొదలుపెట్టింది. "సర్, మేరా బాయా కాన్ ఖరాబ్ హై. ఎడమ చెవి వినపడదు. ఎవరెక్కడున్నారో వినికిడితో నాకు తెలియదు. అక్క పక్కన ఉంటేనే నా ఆట. అక్క లేకపోతే నా పేరు కూడా వద్దు." అంటూ తడిసిన జుట్టుని చెవి వెనక్కి తోసి చూపించింది.

చెబితే ఎక్కడికో లాక్కుపోతారన్న భయంతో దాదాపు రెండేళ్ళు దాచుకున్న సంగతి. అది అందరి ముందూ, తన నోటితోనే చెప్పింది. రోస్లిన్ ప్యాడు చేతిలో పట్టుకుని లేచి నిలబడింది.

సెలెక్టర్ ఆ చెవి వంక చూశారు. తరవాత, "మంచి చెవి ఏది?" అని అడిగారు. రత్నం కుడి చెవి ముట్టుకుంది. ఆయన విజిల్ తీశారు. ముందు వేరే అమ్మాయిని లెఫ్ట్ ఇన్‌లో పెట్టి పది నిమిషాలు ఆడించారు. తరవాత రోస్లిన్‌ని పెట్టి పది నిమిషాలు. ఈసారి ఆయన రత్నాన్ని చూడలేదు. రోస్లిన్ పాదాలనే చూశారు.

"నాలుగు రోజులు నేను బాల్‌నే చూశాను, మేడమ్" అన్నారు నాతో. పెన్ను తీసి కాగితం మీద ఒక పేరు కొట్టేసి రోస్లిన్ పేరు రాశారు. కొట్టేసిన పేరు మాయాబందర్ జట్టులో రిజర్వ్ పిల్లది. ఆ పిల్ల ఏడుపు కూడా చూశాను. అది కూడా ఈ కథలో భాగమే, దాచను.

మెయిన్‌లాండ్‌లో ద్వీపాల జట్టు ఒక మ్యాచ్ గెలిచి, రెండు ఓడింది. రోస్లిన్‌కి సర్టిఫికెట్ వచ్చింది. రెండేళ్ళకి పోలీసు ఉద్యోగం కూడా వచ్చింది. రత్నం బడి ముగిసేదాకా ద్వీపాలకి ఆడింది. రోస్లిన్ వెళ్ళిపోయాక పక్కన కొత్త కొత్త పిల్లలు వచ్చారు. ఎవరొచ్చినా మొదటిరోజే వాళ్ళకి తన చెవి సంగతి తానే చెప్పేది. ఇప్పుడు హట్ బేలో జెట్టీ దగ్గర ఒక ఆఫీసులో పనిచేస్తోంది. సాయంత్రాలు అక్కడి పిల్లలకి హాకీ నేర్పుతుందని విన్నాను.

అంతకుముందు జట్టు రాసేటప్పుడు, ఎవరికి ఏ చోటు అని ఆలోచించేదాన్ని. ఆ తరవాత నుంచి, ఎవరి పక్కన ఎవరు అని ఆలోచించడం నేర్చుకున్నాను. ఒక పిల్ల ఎదగాలంటే పక్కన ఒకరు స్థిరంగా నిలబడాలి. అలా నిలబడేవాళ్ళకి దాని వల్ల జరిగే నష్టం కోచ్‌కి తెలిసి ఉండాలి, వాళ్ళని అడిగి మరీ నిలబెట్టాలి. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఎవరైనా పిల్ల నా మాట వినడం లేదనిపిస్తే, తిట్టేముందు లేచి వెళ్ళి రెండోవైపు నిలబడి అదే మాట మళ్ళీ చెబుతాను. ఆ తరవాత నాకు తిట్టాల్సిన అవసరం చాలా తక్కువసార్లు వచ్చింది.